సున్నంలో మజ్జిగ

పేటెంటు కార్యాలయం లేవనెత్తిన అభ్యంతరాన్ని జ్యోత్స్న తన పెద్దమ్మ భూమవ్వకు చదివి వినిపించింది. జ్యోత్స్న పేటెంటు ఏజెంటు. దరఖాస్తు రాసిందీ తనే. విత్తన పసుపు కొమ్ములు కుళ్లకుండా సున్నపు నీళ్లలో ముంచడం తెలిసినదే, పులిసిన మజ్జిగలో ముంచడమూ తెలిసినదే. ఆ రెండింటినీ కలపాలన్న ఆలోచన ఏ పసుపు రైతుకైనా తట్టేదే గనుక అది ఆవిష్కరణ కాదట. సోమవారం విచారణలో జవాబు చెప్పలేకపోతే భూమవ్వ పేరు మీది దరఖాస్తు అంతటితో ముగుస్తుంది.

“సల్ల కలిపితే సున్నం రాలకుంట కొమ్ముకు పట్టుకుంటది. గంతే కదా నేను చూసింది,” అన్నది భూమవ్వ. “వాళ్లు చెప్పేది నిజమేనేమో, బిడ్డా.”

“మరి ఇన్నేండ్ల సంది ఇంకొక్కరు ఎందుకు కలపలే పెద్దమ్మా? మంచి రైతుకు గూడ తట్టలేదని, అప్పటి సాక్ష్యం ఒక్కటి కావాలె.”

భూమవ్వ భర్త గంగాదాస్ ఆమె ఫోను అందుకున్నాడు. విత్తనం మంచిచెడ్డలు తేల్చుకోవడానికి సేద్యానికి పేరుపడ్డ అంకాపూర్ రైతులు సైతం ఆయన దగ్గరికే వస్తారు.

“నేను తిట్టింది ఉంచినవా, తీసేసినవా?”

“గది ఎందుకయ్యా ఇప్పుడు. నలుగురు వింటరు.”

“మూడేండ్ల సంది దాసుకున్నవన్నట్టు.”

“తిట్టయినా నీ గొంతేనాయె.”

మూడేళ్ల కిందటి మార్చిలో, పని మీద ఏర్గట్ల ఊళ్లో ఉండగా భార్య చేసిన పని తెలిసి, ఆయన ఫోనులో రికార్డు చేసి పంపిన మాట అది. “ఏమే, సున్నంల సల్ల పోసినవా? మతి ఉన్నదా? పులుపు తగిలితే సున్నం సచ్చిపోతది. నలభై ఏండ్ల సంది పసుపేస్తున్న, గీ పని చేసినోన్ని చూడలే. మీ తల్లిగారింట్ల గూడ గింత తెలివితక్కువోళ్లు లేరు.”

“పెద్దబాపూ, ఫైల్ల పెడితే ఇది ఎప్పటికీ ఉంటది,” అన్నది జ్యోత్స్న.

“ఉండనియ్. తెలివితక్కువోడు ఎవరో అందులనే తెలుస్తది.”

సోమవారం వీడియో విచారణలో అధికారి ఆ తిట్లను అనువాదంతో సహా శ్రద్ధగా విన్నాడు. ఇప్పుడు చూస్తే ఆ కలయిక తేలికగా తోచడం లేదా అని ఆయన అడిగినదాన్ని జ్యోత్స్న తెలుగులో చెప్పింది.

“ఇప్పుడు తోస్తది సార్,” అన్నాడు గంగాదాస్. “జూన్‌ల విత్తనం కుప్ప ఇప్పి, కొమ్ములన్నీ గట్టిగ ఉన్నయని చూసినంక, ముందుగాలనే నాకు ఎరుకున్నట్టు తిరిగిన. గీ ఫోన్ లేకుంటే మీకు గూడ గట్లనే చెప్పుదును.”

అధికారి కొంతసేపు రాసుకుని, ఈ అభ్యంతరాన్ని ఇక కొనసాగించనన్నాడు. ఆవిష్కరణలో భర్త పాత్ర ఏమీ లేదా అని మాత్రం అడిగాడు.

“తిట్టుడే సార్,” అన్నాడు గంగాదాస్.

తెరలో కనబడకుండా పక్కన కూర్చున్న భూమవ్వ జ్యోత్స్న మోచేతిని తాకింది. “గా సల్ల ఆయన పిండిన పాలదే. గది గూడ రాసుకోమను, బిడ్డా.”