లోపల వదిలిన గుడ్డ

ఆదివారం మధ్యాహ్నం టైలరక్క షాపు షట్టరు సగానికి దించి ఉంటుంది. బేరాలు లేవని దానర్థం. మనవాళ్ళయితే వంగి లోపలికి రావచ్చని కూడా అర్థం. వంగడమే ఈమధ్య అందరికీ పెద్ద పనైపోయింది. బస్సు డ్రైవరు నడుం పట్టుకుని మూలుగుతూ వస్తాడు. పళ్ళ డాక్టరు ముందు పొట్టను లోపలికి పంపించి వెనక తను వస్తాడు. ఇద్దరి చేతుల్లోనూ నల్ల జాకెట్లు, వాటి వీపుల మీద ఒకే బ్యాండు పేరు, ఒకే పుర్రె బొమ్మ.

"అక్కా, పోయినేడే వదులు చేశావు, మళ్ళీ బిగిసిపోయింది. ఉతికితే కుంచించుకుపోయిందంటావా?" అన్నాడు డాక్టరు.

"అసలు ఎప్పుడన్నా ఉతికావా?" అంది టైలరక్క, ముక్కు దూరంగా పెట్టి.

ఆవిడ కొత్తవి కుట్టేది తక్కువ. ఉన్నవాటిని వదులు చెయ్యడం, బిగించడం, అంచులు మడవడం, అదే పని. ఊళ్ళో ఆ మెటల్ బ్యాండంటే ప్రాణమిచ్చే వాళ్ళ పొట్టలన్నీ ఆవిడ కళ్ళముందు పెరిగినవే. చేతులు కుట్లు విప్పుతుంటే నోళ్ళు వాదించుకుంటాయి. వాదన కూడా కొత్తదేం కాదు. బ్యాండు వాళ్ళు పెద్దవాళ్ళయిపోయారు కదా, ఇప్పుడు సౌండు మార్చుకోవచ్చా, కూడదా?

"ఎందుకయ్యా మార్చడం? పాత పాట పాతలాగే వాయించాలి. మెత్తగా పాడితే నిద్దరొస్తుంది. దానికైతే ఇంట్లో మంచం లేదా?" అన్నాడు డాక్టరు.

"నీకేం బాబూ, పళ్ళ దాకా చూసి ఊరుకుంటావు. గొంతు లోపల ఏముందో నీకేం తెలుసు? ఆ పాడేటాయన్ని స్టేజీ దగ్గర్నించి ఇంటికి తీసుకెళ్ళేది నేను. దగ్గి దగ్గి రుమాలు తీస్తే ఎర్రగా ఉంటోంది," అన్నాడు డ్రైవరు. బ్యాండు వాళ్ళ బస్సు నడిపేది అతనే.

ఇద్దరూ టైలరక్క వైపు చూశారు. ఈ విషయంలో ఆవిడ మాటే చివరి మాట, ఎందుకంటే ఆవిడకి తమ్ముడున్నాడు.

ఆ తమ్ముడు పంతొమ్మిదో ఏట జ్వరమొచ్చి పోయాడు. బ్యాండు మొదటి క్యాసెట్టు వచ్చిన ఏడాది అది. అందులో ఆఖరి పాటను పొద్దస్తమానం షాపులో మోగించి అక్క ప్రాణాలు తోడేసేవాడు. వాడు పోయాక, వాడు కొనిపెట్టుకున్న రెండు టికెట్లూ పారెయ్యలేక ఆవిడ ఒక్కతే కాన్సర్టుకు వెళ్ళింది. ఆ పాటకి డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడగానే పక్క కుర్చీలో తమ్ముడు తలాడిస్తూ కనబడ్డాడు. చివరి దెబ్బకి లేడు. అప్పట్నించీ బ్యాండు ఆ పాట ఎత్తుకుంటే చాలు, వస్తాడు. తెలియనివాళ్ళు ఆ కుర్చీలో కూర్చోబోతే, "అది టైలరక్క తమ్ముడిది, ఇటు జరగండి," అని పక్కవాళ్ళే చెప్తారు. డ్రైవరు కాళ్ళు ముడుచుకుని వాడికి చోటిస్తాడు.

ఎప్పుడూ అదే వయసు, అదే జాకెట్టు. ఆవిడ కుట్టిందే. పెరిగే పిల్లాడు కదా అని లోపలి కుట్లలో రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలి కుట్టింది. మాట్లాడడు, అక్కని చూసి నవ్వుతాడు, అంతే. ఆ కాసేపటి కోసమే ఆవిడ మిగతా రోజులన్నీ కుట్టుకుంటూ కూర్చుంటుంది.

"పాట మారితే మావాడు రాడు. మీరెంతైనా కొట్టుకోండి, నేను పాతదానికే," అంది.

డ్రైవరు కాసేపు నసిగాడు. "చాలా ఏళ్ళ కిందట ఒకసారి మార్చబోయారు, గుర్తుందా అక్కా? నిదానంగా, కింది గొంతుతో ఎత్తుకున్నారు. మనమంతా అరిచి ఆపించాం."

"ముందు అరిచింది నేనే. బానే గుర్తుంది."

"ఆ రోజు మీవాడు నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు."

"వాడూ అరవబోయాడులే," అంటూ దారం కొరికింది.

అంతలో షట్టరు కింద నెరిసిన జుట్టొకటి కనబడింది. డాక్టరు ఠక్కున లేచి తల షట్టరుకి కొట్టుకున్నాడు. వచ్చింది బ్యాండు గాయకుడు. ఫాన్స్ అందరూ ఆయన్ని పెద్దగొంతు అంటారు. ఇప్పుడా గొంతులో మాటకన్నా గాలే ఎక్కువ.

"శనివారం కాన్సర్టుందమ్మా. ఈ కోటు చంకల్లో పట్టేస్తోంది, కాస్త చూస్తావా?"

ఆవిడ టేపు ఆయన ఛాతీ చుట్టూ తిప్పింది. లోపల పిల్లికూతలు టేపుకి తగులుతున్నాయి.

"డాక్టర్లు ఇక అరవొద్దంటున్నారమ్మా," అన్నాడాయన. "మానెయ్యాలి, లేదంటే కిందికి దించి పాడుకోవాలి. నువ్వు వద్దంటే పాతలాగే ఒక్కసారి పాడేసి మానేస్తాను. ఇన్నాళ్ళూ నీ పక్క కుర్చీ చూసుకునే గొంతు అంత పైకి ఎక్కించేవాణ్ణి."

ఆవిడకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "ముందే చెప్పొచ్చు కదండీ!"

"చెప్దామనే ఆ రోజు దించి పాడాను. మీరు అరిచారు కదమ్మా." ఆయన మాటలో కోపం లేదు, అదే ఆవిడకి ఇంకా కష్టంగా ఉంది.

దించి పాడండి అని నోటితో అనలేకపోయింది. అంటే తమ్ముణ్ణి తన చేతులతో తనే పంపించేసినట్టు. టేపు చుట్టేసి, "మీ గొంతు జాగ్రత్త," అంది. ఆయన అర్థం చేసుకుని తలూపాడు.

శనివారం సాయంత్రం డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది. గిటార్లు బరువుగా, నిదానంగా కదిలాయి. పెద్దగొంతు కేక పెట్టలేదు, దగ్గర కూర్చుని మాట చెప్పినట్టు పాడుతున్నాడు. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. డాక్టరు నోటి చుట్టూ చేతులు పెట్టి "పాతదీ!" అని అరవబోయి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ వద్దని చెయ్యి ఊపి, తల దించుకుంది. అయిపోయింది, ఇంక వాడు రాడు అనుకుంది.

అప్పుడు కుర్చీ కిర్రుమంది.

సగం నెరిసిన తల, చిన్న పొట్ట, ముక్కు మీద కళ్ళజోడు నొక్కిన గుర్తులు. తమ్ముడే. జాకెట్టు మాత్రం అదే. చేతులు మణికట్టు పైకి లాక్కుపోయాయి, భుజాల దగ్గర కుట్లు కోసేస్తున్నాయి.

"అక్కా," అన్నాడు బొంగురు గొంతుతో. "ఇది ఎంత బిగుతుగా ఉందో తెలుసా?"

"ఎప్పట్నించిరా?"

"చాలా ఏళ్ళయింది. పాట కదిలితేగాని నేను కదల్లేను, పాత పాటకి ఆ పంతొమ్మిదేళ్ళవాడిగానే కనబడాలి. ఆ రోజు చెబుదామని నోరు తెరిచాను. ఈలోపే ఆపించేశావు."

"నువ్వూ నాతో పాటు అరుస్తావనుకున్నాన్రా!" అని ఆవిడ బావురుమంది.

"నీకెప్పుడూ నీ గోలే కదా," అని నవ్వాడు. ఇంట్లో కూడా వాడు అలాగే అనేవాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న కత్తెర, సూది తీసింది. "విప్పు. లోపల గుడ్డ వదిలాను."

"తెలుసు," అన్నాడు వాడు.

డ్రైవరు ఫోను లైటు పట్టాడు. కుట్లు విప్పుతుంటే లోపల దాగిన గుడ్డ కొత్తదిలాగే నల్లగా బయటికొచ్చింది. పైదంతా వెలిసిపోయింది. ఎప్పుడో విప్పాల్సిన కుట్లు. ఆవిడ ఏడుస్తూనే పెద్ద పెద్ద కుట్లు వేసింది. నిదానం పాట కాబట్టి ఆ మాత్రమైనా టైముంది. ఎడమ వైపు పూర్తయ్యేసరికి చివరి దెబ్బ పడింది.

ఆవిడ గట్టిగా కళ్ళు మూసుకుంది. తెరిచి చూస్తే వాడు మాయం కాలేదు. జాకెట్టు తొడుక్కుని ఎడమ చెయ్యి పైకీ కిందికీ ఆడించుకుంటున్నాడు.

"కూర్చోరా, రెండో వైపు ఉండిపోయింది."

"ఇది ఆడుతోంది చాల్లే అక్కా. ఇప్పటికే బాగా ఆలస్యమైంది, వెళ్ళొస్తా."

డ్రైవరు కాళ్ళు దాటుకుని, కాన్సర్టు అయిపోయి లేచిన అందరితో పాటు గుమ్మం దాకా నడిచాడు. అక్కడ వెనకొచ్చేవాళ్ళ కోసం ఎడమ చేత్తో తలుపు పట్టుకుని, తర్వాత తనూ వెళ్ళిపోయాడు.

తర్వాత ఏ కాన్సర్టుకీ రాలేదు. ఆదివారాలు డాక్టరూ డ్రైవరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. టైలరక్క కలగజేసుకోదు. కాన్సర్టులో ఎవరైనా పక్క కుర్చీ చూపించి అడిగితే, "కూర్చోండి," అంటుంది. హ్యాండ్‌బ్యాగులో సూదికి మాత్రం నల్లదారం ఎక్కించే ఉంచుతుంది. రెండో వైపు ఇంకా బిగుతుగానే ఉంది కదా.