గులాబీల రొమాంటిసిజం

పుస్తకం ముఖం చూడని మనిషి పుస్తకాల చరిత్ర దిద్దితే ఎలా ఉంటుందో జయలక్ష్మి రెండు నెలలుగా చూస్తోంది. అమెరికా బడిపిల్లలకు పాఠాలు తయారుచేసే కంపెనీ అది, మాదాపూర్‌లో. ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన జయలక్ష్మి రోజూ బోరబండ నుంచి వచ్చి పాఠాలు రాస్తుంది. వాటిని దిద్దే అధికారం గిరీష్‌ది. అతను గొంతు సవరించుకుంటే చాలు, చుట్టూ కూర్చున్న నలుగురూ తలలూపుతారు. ఆ తలలంటే కూడా ఆమెకు గౌరవం లేదు.

ఈసారి పాఠం తొలినాటి అమెరికా సాహిత్యం. యూరప్ నుంచి తెల్లవాళ్ల ఓడలు రాకముందు అక్కడి మూలవాసులు నోటితో చెప్పుకున్న సృష్టి కథలతో మొదలుపెట్టింది. తర్వాత దేవుడి భయంతో డైరీలు, ప్రసంగాలు రాసుకున్న ప్యూరిటన్లు. ఆపైన ఇంగ్లండు రాజును ధిక్కరిస్తూ కరపత్రాలు అచ్చేసిన విప్లవ కాలం. చివరగా ప్రకృతినీ, ఊహనూ, ఒంటరి మనిషినీ నెత్తికెత్తుకున్న రొమాంటిక్ యుగం. పదిహేను రోజులు కూర్చుని రాసింది.

గిరీష్ పావుగంటలో దిద్దేశాడు. మూలవాసుల కథలు మాయం. ప్యూరిటన్లనూ విప్లవాన్నీ ఒకే పేజీలో కుక్కాడు. రొమాంటిక్ యుగం పక్కన ఎర్ర గులాబీలు, చేతులు పట్టుకున్న ఓ జంట.

"సర్, ఈ జంట ఏంది?" అని అడిగింది జయలక్ష్మి.

"రొమాంటిక్ అని మీరే రాశారుగా!"

"ఆ రొమాంటిక్ వేరు సర్. ప్రేమ ముచ్చట కాదు."

"పిల్లలు చూడాలి కదండీ. బోర్ కొట్టకూడదు."

"మరి మొదటి భాగం ఎందుకు తీసేసిన్రు?"

"రాయడమే రానివాళ్లకి సాహిత్యమేంటండీ?"

"మా అమ్మకు అక్షరం రాదు సర్. ఎల్లమ్మ కథ ఎత్తుకుంటే పొద్దుగూకే దాక చెప్తది, ఒక్క మాట తప్పదు. గది సాహిత్యం కాదా?"

"అయితే మీ అమ్మగారి ఫోటో కూడా పెడదాం," అని గిరీష్ నవ్వాడు. నాలుగు తలలూ నవ్వాయి.

జయలక్ష్మికి కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటివాడికి కాస్తయినా విలువ ఉండాలి. కుళ్లిన వంకాయను పక్కన పెట్టినట్టు అతన్ని మనసులోంచి తీసి పక్కన పెట్టింది. తన మొదటి ప్రతిని మాత్రం దాచుకుంది.

శుక్రవారం వీడియో కాల్‌లో, పాఠం కొనే సంస్థ తరఫున ఓ అమెరికన్ టీచరమ్మ కూర్చుంది. స్క్రీన్ చూసి కళ్లజోడు సవరించుకుంది. ఈ గులాబీలు ఎందుకని అడిగింది. తెల్లవాళ్ల ఓడలు వచ్చేదాకా మా నేల మీద ఎవరూ కథే చెప్పలేదా అనీ అడిగింది.

"సారీ మేడమ్, మా జూనియర్ రైటర్ పొరపాటు. కొత్తమ్మాయి," అన్నాడు గిరీష్, ఇంగ్లీషులో, రెప్ప వేయకుండా.

జయలక్ష్మి మైక్ ఆన్ చేసింది. "పొరపాటు నాది కాదు. నేను రాసింది ఇదీ," అంటూ మొదటి ప్రతిని స్క్రీన్ మీద పెట్టింది. దాని పక్కనే, మూలవాసుల భాగం తీసేసి గులాబీలు పెట్టానని గిరీష్ పంపిన మెయిల్ కూడా. టీచరమ్మ చాలాసేపు చదువుకుంది. తమకు కావలసింది ఈ పాఠమేనని చెప్పింది. గిరీష్ నీళ్ల సీసా మూత తీయడం, పెట్టడం, మళ్లీ తీయడం మొదలుపెట్టాడు.

సోమవారం నుంచి ఆమెకు లెక్కల పాఠాల్లో కామాలు సరిచూసే పని పడింది. సాహిత్యం పాఠం సంపాదకుడిగా గిరీష్ పేరుతోనే వెళ్లింది. నాలుగు తలలూ అతన్ని అభినందించాయి. అంతకన్నా ఏమీ ఆశించని జయలక్ష్మి లింగంపల్లిలోని ఓ జూనియర్ కాలేజీకి దరఖాస్తు పెట్టింది. నెల తిరిగేసరికి ఇంగ్లీషు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది.

ఆఖరి రోజు ఆమె బ్యాగు సర్దుకుంటుంటే గిరీష్ హడావిడిగా వచ్చాడు.

"జయలక్ష్మి గారూ, ఆ రొమాంటిక్ యుగంలో ట్రాన్సెండెంటలిజం అని ఏదో ఉందిగా, అదేంటో రెండు ముక్కల్లో చెప్పండి. పది నిమిషాల్లో మీటింగ్ ఉంది."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"మనిషి తన బుర్రతోని తాను ఆలోచించుడు సర్."

"అంతేనా?"

"గంతే. మీకు కష్టమే."

గిరీష్ ఆమె చెప్పిన మొదటి వాక్యం ఫోన్‌లో రాసుకుంటూ మీటింగ్ గది వైపు పరుగెత్తాడు. జయలక్ష్మి లిఫ్ట్ బటన్ నొక్కింది.