నీడ లేని నవ్వు

పొద్దున్నే కుళాయి దగ్గర పెద్దావిడ పళ్లు తోముకోవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. హడావిడి ఉండదు. మెత్తటి బ్రష్షు చిగురు అంచున ఆనించి, చంటిపిల్ల తల దువ్వినంత నెమ్మదిగా ఒక్కో పన్నునూ పలకరిస్తూ పోతుంది. పడుకోబోయే ముందు మళ్లీ అంతే. అప్పుడు పళ్ల సందుల్లో సన్నదారం కూడా ఆడిస్తుంది. కుట్టుపనే ఆవిడ జీవనం. అయినా దారాన్ని పంటితో తెంపిన పాపాన పోలేదు. "కత్తెర ఉన్నదెందుకు? పళ్లు పనిముట్లు కాదర్రా" అంటుంది.

ఆవిడ నవ్వితే వెలుగొస్తుంది. కరెంటు పోతే వీధి వీధంతా ఆ గుమ్మంలోకే చేరుతుంది. "పిన్నిగారూ, సూదిలోకి దారం ఎక్కట్లేదు, ఒక్కసారి నవ్వి పుణ్యం కట్టుకోండి" అని పక్కింటామె అడుగుతుంది. ఈవిడ నవ్వుతుంది. ఆమె దారం ఎక్కించుకుని వెళ్లిపోతుంది. దీపం వెలుగుకి నీడ పడుతుంది, ఈ వెలుగుకి పడదు. మూలమూలకీ నీళ్లలా పాకుతుంది.

కొడుకు ట్రంపెట్ వాయిస్తాడు. ఇన్నాళ్లూ ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర వాయించేవాడు. ఇప్పుడు ఊళ్లోని పెద్ద బ్యాండులో నెలజీతం ఉద్యోగం ఖాళీ అయింది. వచ్చే వారమే పరీక్ష. సరిగ్గా అప్పుడే పైదవడ చివరి పన్ను దగ్గర చిగురు ఉబ్బింది. బుగ్గలోకి గాలి నింపితే చాలు, కణత దాకా పోటు.

"ఎన్నాళ్లనుంచిరా?" అంది పెద్దావిడ.

"నెలైందేమోనమ్మా. తోముతుంటే రక్తం వచ్చింది. పుండుని గెలకడం ఎందుకని ఆ పక్క తోమడం మానేశాను."

"మానేశావా!" ఆవిడ మిషను ఆపేసింది. "రక్తం వచ్చిందంటే, నన్ను శుభ్రం చెయ్యరా బాబూ అని చిగురు మొత్తుకుంటున్నట్టు. నువ్వేమో దాని పక్కనే చెత్త పోగేశావు."

"దొరగారి ట్రంపెట్‌కి మాత్రం పూటకో గుడ్డ కావాలి" అంది కోడలు చెప్పులేసుకుంటూ. "పదండి, డాక్టరు దగ్గరికి."

ముగ్గురూ వెళ్లారు. అదే వీధిలో ఉండే పళ్ల డాక్టరమ్మ చూసి తల పంకించింది. "చీము పట్టబోతోంది. చిగురు కింద గార ఉంది, దాని వెనక ఇంకేదో ఇరుక్కుంది. ఇవాళ తీసేస్తే వాపు దిగుతుంది. వదిలేస్తే చీముగడ్డ అవుతుంది. అప్పుడు పరీక్ష సంగతి అటుంచండి, పన్నే దక్కకపోవచ్చు."

పని సగంలో ఉండగా కుర్చీ మీది దీపం ఠప్పున ఆరిపోయింది. డాక్టరమ్మ చేతిలైటు పెట్టి చూసింది. పనిముట్టు నీడ సరిగ్గా ఆ సందు మీదే పడుతోంది.

"అమ్మా, మీరొకసారి ఇలా వచ్చి నవ్వుతారా?" అంది స్టూలు జరుపుతూ.

పెద్దావిడ దగ్గరికొచ్చి కూర్చుంది. పెదాలు సాగాయిగానీ వెలుగు రాలేదు. "నా వల్ల కావట్లేదమ్మా. వీడి బతుకంతా ఈ నోట్లోనే ఉంది. ఎలా నవ్వను?" అంది.

కోడలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "అత్తయ్యా, మీ అబ్బాయిని చూడండి. పెళ్లయినప్పట్నుంచి చూస్తున్నా, అంత నోరు తెరిచి కూడా నాకు ఎదురు చెప్పనిది ఇవాళే. డాక్టరుగారూ, ఈ కుర్చీ అద్దెకిస్తారా?"

కొడుకు నోరు మూయలేక "ఆఁ! ఆఁ!" అంటూ రెండు చేతులూ ఊపి అభ్యంతరం చెప్పాడు. పెద్దావిడ ఆపుకోబోయింది. ఆగలేదు. పక్కున నవ్వేసింది.

గది తెల్లవారినట్టయింది. వెలుగు పన్ను చుట్టూ తిరిగి సందులోకి దిగింది. డాక్టరమ్మ చెయ్యి ఒక్కసారి కదిలింది. చిన్న గింజ పొట్టు బయటికొచ్చింది, ఆ వెనకే గారంతా.

"ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే కోత పడేది" అందామె. "ఇక మెత్తటి బ్రష్షుతో రెండుపూటలా, ఆ పక్క కూడా."

ఆ వారమంతా అతనికి ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేకపోయింది. మొదట కాస్త రక్తం వచ్చినా మానలేదు. తర్వాత అదే ఆగింది.

పరీక్ష రోజు అత్తాకోడళ్లు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. లోపల ట్రంపెట్ లేచింది. చివరి స్వరం సాగింది, సాగింది, ఎక్కడా వణకలేదు.

అతను బయటికొచ్చి, "సోమవారం నుంచి రమ్మన్నారు" అన్నాడు.

కోడలు పైట చెంగుతో కళ్లొత్తుకుంది. పెద్దావిడ మోకాళ్ల మీద చేతులూని లేచింది.

"పద, ముందు ఏదైనా తిందాం. తిన్నాక మాత్రం నోరు పుక్కిలించు."