తియా పురా హోటల్లో పచ్చ జుట్టు

ఆ నాచు ఎంత ఏపుగా పెరిగిందంటే, పాపిడి తీసి రెండు జడలు వెయ్యొచ్చు. ఫ్లోర్డెలిస్ ఒక జడ వేసింది కూడా. మధ్యాహ్నం భోజనాల హడావిడి కాస్త తగ్గాక గాజు తొట్టిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, రాతి మీది పచ్చటి పోగుల్ని మూడు పాయలు తీసి అల్లి, చివర రబ్బరు బ్యాండు చుట్టింది. తింటున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమె మేనత్త తియా పురా మాత్రం కొట్టలేదు. ఆవిడ చేతిలో గరిటె ఉంది.

"నవ్వండి, బాగా నవ్వండి," అంది తియా పురా. "నెల రోజుల్లో ఊరి పండగ. ఆ రోజు పొద్దుటికి ఈ గడ్డి ఒక్క పోగు కనబడినా, రాళ్లూ చేపా అన్నీ సముద్రంలోకి. తొట్టి కడిగేసి దాన్నిండా గులామాన్ షర్బత్ కలిపి పెడతా. జెల్లీ ముక్కలు గాజులోంచి కనిపిస్తే జనం ఎగబడతారు."

"తియా, అది నాలుగేళ్ల కష్టం!"

"నాలుగేళ్లు కష్టపడి గడ్డి పెంచావు. మా నాన్న కూడా పెంచాడు. ఆయనకి కనీసం గేదె ఉంది."

ఫిలిప్పీన్స్‌లో దుమగెతె రేవు పక్కన తియా పురా భోజనాల హోటల్ అంటే కూలీల నుంచి పడవల వాళ్ల దాకా అందరికీ తెలుసు. అక్కడ కూర గిన్నెల పక్కనే బల్ల మీద ఉండేది ఆ రెండడుగుల ఉప్పునీటి తొట్టి. దాన్లో ఫ్లోర్డెలిస్ బొటనవేలంత ముక్కల నుంచి పెంచిన పగడాలున్నాయి. ఒకటి చొక్కా గుండీలు గుత్తిగా పోసినట్టుంటుంది. ఇంకొకటి చేతివేళ్లన్నీ ఊపుతూ అందర్నీ పిలుస్తున్నట్టుంటుంది. వాటి మధ్య తెల్ల చారల నారింజరంగు చేప ఒకటి. ఎన్నికలేవీ లేకుండానే తొట్టికి పెద్దరికం తీసుకుంది కాబట్టి దాని పేరు కెప్టెన్. పది రోజులుగా నాచు కమ్మేసి గుండీలు మూసుకుపోయాయి, వేళ్లు ముడుచుకుపోయాయి. ఇంకో నెల ఇలాగే ఉంటే తియా పురా పారబొయ్యక్కర్లేదు, అవే చచ్చిపోతాయి.

ఫ్లోర్డెలిస్ యుద్ధం మొదలుపెట్టింది. మొదటి ఆయుధం టూత్ బ్రష్. రాళ్లు తోమితోమి పదకొండు బ్రష్షులు అరగదీసింది. వాటిలో ఒకటి తియా పురాది. ఆవిడకి రెండు రోజుల పాటు నోట్లో సముద్రం రుచి తగిలింది గానీ, కారణం చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూడో రోజుకి నాచు మళ్లీ మొలిచింది. ఈసారి ఇంకా నిగనిగలాడుతూ, తలకి నూనె రాసుకుని వచ్చినట్టు.

రెండో ఆయుధం నత్తలు. నాచు మేసే నత్తలు నలభై తెచ్చి, నీళ్లు అలవాటు పడాలని వంటగదిలో బేసిన్లో పెట్టింది. మధ్యాహ్నం కొబ్బరిపాల కూర అమోఘంగా ఉందని రెండుసార్లు వేయించుకుని తిన్నాక, బేసిన్ ఖాళీగా ఉండటం చూసింది.

"తియా! నా నత్తలేవీ?"

"వంటింట్లో బేసిన్ నిండా నత్తలుంటే ఏం చేస్తారే? పేర్లు పెడతారా?"

మూడో ఆయుధం చీకటి. మూడు రోజులు వెలుతురు తగలకపోతే నాచు నీరసిస్తుందని తొట్టి మీద నల్లగుడ్డ కప్పింది. రేవులో వార్త పాకింది. కెప్టెన్ పోయాడనుకున్నారు. సాయంత్రానికి కొవ్వొత్తులు వచ్చాయి, బిస్కెట్లు వచ్చాయి, పేకముక్కలు వచ్చాయి. చావింట్లో కూర్చున్నట్టే తొట్టి చుట్టూ కుర్చీలేసుకుని జనం మూడు రోజులు కదల్లేదు. ఒకాయన ఏడ్చాడు కూడా, కాకపోతే ఆయన పేకాటలో ఓడిపోతున్నాడు. గుడ్డ తీస్తే కెప్టెన్ బతికే ఉన్నాడు. ఎవరో గుడ్డ కింద నుంచి దూర్చిన బిస్కెట్లు నాని అడుగున ముద్దగా పడి ఉన్నాయి.

ఆ ముద్దని చూస్తూ ఫ్లోర్డెలిస్ చాలాసేపు నిలబడింది. తను వేసే మేత రోజుకి చిటికెడు. మరి ఈ చేపకి నడుమెందుకు కనపడట్లేదు? ఈ మధ్య కెప్టెన్ ఈదడం మానేసి, పుచ్చకాయలా దొర్లుతూ వెళ్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె అన్నం డేగిసా వెనక కూర్చుని నిఘా పెట్టింది. మొదట ఒక మూటలు మోసే అతను కంచంతో తొట్టి పక్కన కూర్చున్నాడు. కెప్టెన్ గాజుకి మూతి ఆనించి అతన్నే చూశాడు. అతను ఇబ్బందిగా కదిలాడు. "రా, తిందాం," అన్నాడు.

ఆ ఊళ్లో ఎదుటివాడు చూస్తుండగా ఆ మాట అనకుండా ముద్ద నోట్లో పెట్టుకునే మనిషి ఇంకా పుట్టలేదు. బస్సులో పక్క సీటువాణ్ణి పిలుస్తారు, పన్ను పీకే డాక్టర్ని పిలుస్తారు, అప్పుడే తిట్టుకున్న ఆడపడుచుని పిలుస్తారు. కెప్టెనేమో కంచం దగ్గరికి రాలేడు. అందుకని కంచమే కెప్టెన్ దగ్గరికి వెళ్లింది. నాలుగు మెతుకులు, ఒక చేపముక్క నీళ్లలో పడ్డాయి. అతని తర్వాత ఇంకొకడు, వాడి తర్వాత ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఫ్లోర్డెలిస్ నలభై ఆరు దాకా లెక్కపెట్టింది. నలభై ఏడో మనిషి తియా పురా. ఆవిడ కోడికూర పీసుతో వచ్చింది.

"తియా!"

"ఏంటే, అలా అరుస్తావు? వాడు చూస్తున్నాడు, కనబడట్లా? ఎదురుగా ఒకడు చూస్తుంటే మనమొక్కళ్లమే ఎలా తింటాం?"

"ఆ తిండంతా కుళ్లి ఎరువవుతోంది. నాచు దాన్నే తిని పెరుగుతోంది. గడ్డి పెంచింది నేను కాదు, నువ్వు!"

తియా పురా పీసు వంక, తొట్టి వంక చూసి, "అయితే నా చేతి వంటకి గడ్డి కూడా లొంగిపోయిందన్నమాట," అంది గర్వంగా.

ఫ్లోర్డెలిస్ తొట్టికి అట్టముక్క అంటించింది. "దయచేసి చేపకి తిండి వేయకండి." ఆ రోజు నలభై ఆరు మంది వేసేది డెబ్బై మంది వేశారు. ఇంట్లో దాన్ని పస్తులుంచుతున్నారని తెలిసిపోయిందిగా మరి. "అంత పిసినారితనమేంటమ్మా, మూగజీవం దగ్గర," అని ఒక ముసలావిడ కళ్లొత్తుకుంది.

పండగ ఇంకా పదిహేను రోజులు. ఫ్లోర్డెలిస్ బల్ల మీద తల వాల్చేసింది. పక్క బల్ల దగ్గర పడవ నడిపే పెద్దాయన మనోంగ్ తెబాన్ ఎండుచేప విరుస్తూ, "రా అమ్మాయ్, తిందాం," అన్నాడు.

"ఇప్పుడే తిన్నాను మనోంగ్. కడుపు నిండుగా ఉంది. మీరు కానివ్వండి," అంది తల ఎత్తకుండా.

మనోంగ్ తెబాన్ హాయిగా తినడం మొదలుపెట్టాడు.

ఫ్లోర్డెలిస్ తల ఎత్తింది. ఆయన నమిలే దవడని, జీవితంలో మొదటిసారి దవడని చూస్తున్నట్టు చూసింది. తర్వాత పాత అట్ట పీకి పారేసి, కొత్తది రాసి, సరిగ్గా కెప్టెన్ మూతి ఆనించే చోట అంటించింది.

"థాంక్స్ అండీ. ఇప్పుడే తిన్నాను. కడుపు నిండుగా ఉంది. మీరు కానివ్వండి. ఇట్లు, కెప్టెన్."

మధ్యాహ్నం మూటల అతను వచ్చాడు. "రా, తిందాం," అన్నాడు. అట్ట చదివాడు. "ఓహో, సరే మరి," అని నిశ్చింతగా తిన్నాడు. వెనకాల వచ్చినవాడికి మాత్రం పెంపకం ఇంకా గట్టిది. "అయ్యో, ఒక్క ముద్ద," అని రెండోసారి అడిగాడు. ఫ్లోర్డెలిస్ అట్ట తిప్పింది. వెనక వైపు "ఒట్టు. ఇంక ఒక్క మెతుకు కూడా పట్టదు," అని ఉంది. అతను ఊరుకున్నాడు. చివర్లో తియా పురా పీసుతో వచ్చి నిలబడింది.

"మొహమాటపడకురా. నేను నీకు పరాయిదాన్నా?"

ఫ్లోర్డెలిస్ మూడో అట్ట చూపించింది. "తియా, మీ వంట తలుచుకుంటేనే కడుపు నిండిపోతోంది."

తియా పురా మొహం పున్నమి చంద్రుడిలా అయింది. "విన్నారా? విన్నారా? మర్యాదంటే ఇదీ!" అని హోటల్ అంతా వినబడేలా అంటూ ఆ పీసు తనే తింది.

ఆ రోజు నుంచి తొట్టిలో మెతుకు పడలేదు. నాచుకి కూడు కరువైంది. ఫ్లోర్డెలిస్ రోజూ చేత్తో పీకింది, పైపుతో అడుగు మురికి లాగేసింది. మనోంగ్ తెబాన్ రోజూ పగడపు దిబ్బలు దాటి వెళ్లి, లోతు సముద్రం నుంచి రెండు క్యాన్ల నీళ్లు తెచ్చాడు. ఒక రోజు ఆ నీళ్లతో పాటు ఇంకో బకెట్లో సముద్రపు కుందేలు కూడా వచ్చింది. పేరుకే కుందేలు. నిజానికి గుల్ల లేని నత్త. తల మీద రెండు చెవుల్లాంటివి, ఒళ్లంతా బురద రంగు, మొహంలో పెళ్లిభోజనానికి ముందు వరసలో కూర్చున్నవాడి ప్రశాంతత.

"దీన్ని వండితే నేను ఇల్లు వదిలి పోతా," అంది ఫ్లోర్డెలిస్ ముందుగానే.

"దాన్నెవరు తింటారే?" అంది తియా పురా. "ముట్టుకుంటే ఊదా రంగు కక్కుతుంది."

కుందేలు మేసింది. రాయి ఎక్కేటప్పుడు ముందు అడివి, దిగేటప్పుడు వెనక సిమెంటు రోడ్డు. దాని నోటి చప్పుడు రేవు దాకా వినపడిందని మనోంగ్ తెబాన్ ప్రమాణం చేశాడు. ఎనిమిదో రోజుకి గుండీ పగడాలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. పదకొండో రోజుకి వేళ్ల పగడం ఒక వేలు బయటపెట్టి, వాతావరణం చూసుకుని, మిగతావీ చాపింది. కెప్టెన్‌కి నడుము కనపడింది. చాలా రోజుల తర్వాత ఈదుతూ మలుపు తిరిగాడు.

పండగకి ముందు రోజు తియా పురా పెట్టిన కేక విని ఫ్లోర్డెలిస్ పరిగెత్తింది. గాజు మీద పచ్చటి పోగులు, చుట్టలు చుట్టలుగా. ఒక్క పోగు కనపడినా అని కదా షరతు.

తియా పురా మాత్రం రెండు చేతులూ జోడించి నిలబడింది. "లుకోత్!" అంది. "కుందేలు గుడ్లు పెట్టిందే! ఎన్నేళ్లయిందే ఇంత తాజావి చూసి!"

సేమ్యా లాంటి ఆ గుడ్ల చుట్టల్ని ఆవిడే సుతారంగా తీసి, వెనిగర్, అల్లం, పచ్చిమిరపకాయ కలిపింది. ఒక గిన్నెడే అయింది. దాని వాసనకే మనోంగ్ తెబాన్ చర్చికి వెళ్లేవాడు వెనక్కొచ్చేశాడు.

పండగ పొద్దున తియా పురా టార్చిలైటు పట్టుకుని తొట్టి తనిఖీకి వచ్చింది. ప్రతి రాయీ చూసింది. మూలలు చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. గులామాన్ అమ్మడానికి పంపు దగ్గరి ప్లాస్టిక్ డ్రమ్ము తోమమని వంటమనిషికి చెప్పి, ఇటు తిరిగింది.

"ఈ తొట్టి ఇక్కణ్ణించి కదిలితే నా శవం మీంచే కదలాలి," అని ప్రకటించింది. "ఇంకోటి కొందామంటావా, ఆ పక్కకి?"

ఫ్లోర్డెలిస్ నోట్లోంచి వచ్చింది మాట కాదు, కూత. వీధి కుక్కలు జవాబిచ్చాయి.

మిగిలిన పని ఒక్కటే. తొట్టిలో కుందేలుకి మేత అయిపోయింది. అది ఆకలితో చావకముందే సముద్రంలో వదిలేయాలి. ఫ్లోర్డెలిస్ బేసిన్లో నీళ్లు పోసి దాన్ని ఎక్కించుకుని రేవు దారి పట్టింది. అదే దారిలో పండగ బ్యాండు కూడా పోతోంది. ఆమె దాని వెనక నడిచింది. ఆమె వెనక మనోంగ్ తెబాన్, ఆయన వెనక తియా పురా, ఆవిడ వెనక నలభై ఆరు మంది భోజనాల వాళ్లు. జరిగిందేంటో తెలియని జనం అరుగుల మీద లేచి నిలబడి చేతులూపారు. ఒకావిడ బేసిన్ మీద పూలు చల్లింది. కుందేలు ఒక పువ్వు రుచి చూసి వదిలేసింది.

రేవు మెట్ల దగ్గర ఫ్లోర్డెలిస్ నీళ్లలోకి దిగి బేసిన్ మెల్లగా వంచింది. కుందేలు రెక్కల్లాంటి అంచులు విప్పి, ఎవరికీ థాంక్స్ కూడా చెప్పకుండా, పచ్చగా నాచు పట్టిన రాళ్ల వైపు వెళ్లిపోయింది. ఆమె ఖాళీ బేసిన్‌ని రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకుంది. నీళ్లు ధారగా మొహం మీద పడుతున్నాయి. బ్యాండువాళ్లు ఎందుకో ఏమిటో అడక్కుండానే ఇంకో పాట అందుకున్నారు, ముందుదాని కంటే గట్టిగా.