లేత బూడిద రంగు అక్షరాలు

కాలేజీలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పిల్లలందరికీ ఆవిడ బటన్ మేడం. ఏ వెబ్‌సైట్ తెర మీద పెట్టినా మొదట అడిగేది ఒకటే, వచ్చినవాళ్ళకి కావలసిన బటన్ ఎక్కడుంది అని. అది చూపించలేనివాడు ఎన్ని రంగులు పులిమినా సున్నాయే.

ఆవిడ పాఠం చెప్పే తీరు చూడముచ్చటగా ఉండేది. తెరను రెండు భాగాలు చేసి ఎడమవైపు మంచి సైటు, కుడివైపు చెడ్డ సైటు పెట్టేది. కుడివైపుది ఓ ఇనుప సామాన్ల కొట్టువాడిది. ఎరుపు మీద పసుపు, మిణుకుమిణుకుమనే బాణాలు, గుమ్మడికాయంత అంకెల్లో ఫోన్ నంబరు. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఎడమవైపుది కంటి ఆసుపత్రిది. అంతా తెలుపు, దాని మీద లేత బూడిద రంగులో సన్నటి అక్షరాలు, కింద మూలన అదే రంగులో ఒదిగి కూర్చున్న, డాక్టరు అపాయింట్‌మెంటు రాయించుకునే చిన్న బటన్. ఆరేళ్ళ కిందట ఆవిడే చేసింది. దానికి బహుమతి వచ్చింది, ఆ బహుమతి చూసే ప్రిన్సిపాల్ ఉద్యోగం ఇచ్చాడు. షీల్డు ఇప్పటికీ ఆయన గదిలో అద్దాల బీరువాలో ఉంది. బహుమతి ఇచ్చిన పెద్దలందరికీ కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి మరి!

ఆవిడ దగ్గర ఇంకో పద్ధతి ఉంది. సైటు బాగుందా లేదా అని చేసినవాణ్ణి అడగకూడదు. ఎవరికోసం చేశామో ఆ మనిషిని తెచ్చి తెర ముందు కూర్చోబెట్టాలి. చేసినవాడు వెనక నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఐదు నిమిషాలు నోరు మెదపకూడదు. పిల్లలు తాతయ్యల్ని, డ్రైవర్లని, పాలు వేసేవాళ్ళని బతిమాలి తెచ్చుకునేవాళ్ళు. నోరు మూసుకోలేక కొందరు పెదవులు కొరుక్కునేవాళ్ళు. ఆ పరీక్ష ఆవిడ తన సైటుకి మాత్రం ఎన్నడూ పెట్టలేదు. బహుమతి వచ్చినదానికి మళ్ళీ పరీక్ష ఏమిటనుకుందో, అసలా ఊహే రాలేదో.

ఇంట్లో ఆవిడా, వాళ్ళ నాన్నా, అంతే. ఆయన నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. నువ్వుగింజంత మరని పట్టకారుతో ఎత్తి దాని చోట కూర్చోబెట్టిన చూపు ఆయనది. అలాంటాయనకి పోయినేడాది ఎడమ కన్ను పోయింది. మూడు నెలలు ముందొచ్చి ఉంటే నిలబెట్టేవాళ్ళమని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. ఎందుకు చూపించుకోలేదు నాన్నా అని అడిగితే, ఏదో బద్ధకించానమ్మా అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ ఏడాదిగా ఆయన్ని దులిపేస్తూనే ఉంది. చుట్టాలు వస్తే వాళ్ళ ముందు కూడా. ఆయన తల వంచుకుని వినేవాడు.

ఇప్పుడు కుడి కంట్లోనూ మసక మొదలైంది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది, ఆలస్యం చేస్తే అదీ దక్కదు. ఆపరేషన్ ఖర్చు ఆవిడకొచ్చే జీతంతో అయ్యే పని కాదు. కాలేజీవాళ్ళు ఇచ్చే కుటుంబ వైద్య కార్డు ఉంటే రూపాయి పడదు. ఆ కార్డు పర్మనెంటు అయినవాళ్ళకే. ఆరేళ్ళుగా ఆవిడ కాంట్రాక్టు మనిషే.

ప్రిన్సిపాల్ శుక్రవారం పిలిచి శుభవార్త చెప్పాడు. సోమవారం పర్మనెంటు చేసే కమిటీ వస్తుంది, ఒక మోడల్ పాఠం చూస్తారు, నచ్చితే ఆర్డరు అక్కడికక్కడే. కంటి ఆసుపత్రి సైటే చూపించమన్నాడు. కమిటీ పెద్దాయన ఆ రోజుల్లో బహుమతి ఇచ్చినవాళ్ళలో ఒకడట. ఇంకేం, పంట పండినట్టే అనుకుంది ఆవిడ.

ఆదివారం పొద్దున ఆవిడ కాఫీ గ్లాసుతో ముందు గదిలోకి వచ్చేసరికి నాన్న కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వంగి, ఒంటి కంటితో వెతుకుతున్నాడు. తెర మీద ఉన్నది ఆవిడ సైటే. పిలవబోయి ఆగిపోయింది. ఎందుకో గ్లాసు బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి కట్టుకుంది.

ఆయన పైనున్న పెద్ద కంటి బొమ్మ మీద నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. గడియారాల పనినాటి పాత భూతద్దం తీసి కంటికి తగిలించుకుని తెరను ఆ చివర నుంచి ఈ చివరకి గాలించాడు. మౌస్ బాణం బటన్ పక్క నుంచే రెండుసార్లు వెళ్ళింది. తెల్లగోడ మీద సున్నపు చుక్కని వెతుకుతున్నట్టుంది ఆ వెతుకులాట. ఐదు నిమిషాలు అయ్యేసరికి ఆవిడ గోళ్ళు అరచేతుల్లో దిగబడ్డాయి.

"నాన్నా, ఏం చేస్తున్నావు?"

ఆయన దొంగతనం చేస్తూ దొరికినవాడిలా ఉలిక్కిపడ్డాడు. డాక్టరుని కలవడానికి ఓ రోజు రాయించుకుందామని, అన్నాడు. ఫోన్ చేస్తే సైటులోనే రాయించుకోమంటున్నారట. పోయినేడాదీ ఇంతేనట, మూడు నెలలూ రోజూ కూర్చునేవాడట.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా నాన్నా?"

"నువ్వు చేసిందే కదమ్మా. బహుమతి కూడా ఇచ్చారు. అందరికీ వచ్చేది నాకు రావట్లేదంటే చేతకానితనం నాదే అనుకున్నాను. నీకు చెప్పి నామోషీ పడటం ఎందుకని..."

ఏడాదిగా ఆయన్ని అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆవిడ మీదే పడ్డాయి. బటన్ నొక్కి ఒక్క నిమిషంలో రోజు రాయించింది. తప్పు నాదే నాన్నా అని అనాలి. చల్లారిన కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

సోమవారం క్లాసు కిటకిటలాడింది. ముందు వరసలో కమిటీ, పక్కన ప్రిన్సిపాల్. ఆవిడ తెరను రెండు చేసింది. రెండు సైట్లనీ అటు ఇటు మార్చేసి, చెడ్డది తనదేనని చెప్పేస్తే? చేయి మౌస్ మీద ఉండగానే వైద్య కార్డు కళ్ళ ముందు కదిలింది. నిజం చెబితే నాన్న రెండో కన్ను పోతుంది, చెప్పకపోతే ఆరేళ్ళ పాఠం అబద్ధమైపోతుంది. అయినా పాఠం సాఫీగా సాగిపోయింది, నోటికి అలవాటైన మాటలే కదా. కమిటీ పెద్దాయన తల ఊపుతూ కూర్చున్నాడు.

అప్పుడు లేచింది వెనక బెంచీ పిల్ల. సంవత్సరమంతా నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల.

"మేడం, కళ్ళు సరిగ్గా కనపడనివాళ్ళే కదా అక్కడికి వెళ్ళేది. వాళ్ళకి ఈ బటన్ ఎలా కనపడుతుంది?"

ప్రిన్సిపాల్ కాలు ఊపడం ఆపాడు. ఆవిడ ఆ పిల్లని చూసింది, నవ్వింది కూడా.

"వాళ్ళ పక్కన ఎవరో ఒకరు ఉంటారమ్మా."

పిల్ల బుద్ధిగా కూర్చుని ఆ వాక్యం పుస్తకంలో రాసుకుంది. ఆవిడ అది చూసింది.

ఆర్డరు వచ్చింది, కార్డు వచ్చింది, ఆపరేషనూ అయింది. అక్షరాల రంగు మారుస్తాను, ఊరికే చేసిపెడతాను అని ఆవిడ ఆసుపత్రివాళ్ళని రెండుసార్లు అడిగింది. బహుమతి వచ్చినదాన్ని ఎవరైనా కెలుకుతారా మేడం అని నవ్వి పంపించారు. ఏడాది చివర పిల్లలు ప్రాజెక్టులు ఇచ్చారు. ముప్పై రెండింటిలో ఇరవై ఆరు తెలుపు మీద లేత బూడిద రంగే. అందరికీ మంచి మార్కులే వేసింది, వేయకపోతే ఎందుకని అడుగుతారు కదా.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఎదురొచ్చి చేయి పట్టుకుని కంప్యూటరు ముందుకి లాక్కెళ్ళాడు. కుడి కంటికి కట్టు తీసి అప్పటికి నెల. కుర్చీలో నిటారుగా కూర్చుని, భూతద్దం లేకుండానే బాణాన్ని కింద మూలకి తీసుకెళ్ళి టక్కున నొక్కాడు. పేజీ తెరుచుకుంది. చిన్నపిల్లాడిలా ముఖం వెలిగిపోయింది.

"చూశావా తల్లీ? ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. నేను చెప్పలా, తప్పంతా నా కంటిదే. నీ సైటుకేం, బంగారంలా ఉంది."

ఆవిడ ఆయన వెనకే నిలబడి ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని. అవును నాన్నా, అంది.