చుక్క లేని బండి

యుద్ధంలో కాలు పోగొట్టుకున్న సిల్వాన్‌ను బండివాడు ట్రాం మెట్టు మీంచి బురదలోకి తోసేయడం జెనోబీ కళ్ళారా చూసింది. ఇస్త్రీ బట్టల గంప కింద పెట్టి పరుగెత్తింది.

"చుక్క బండి వచ్చేదాకా ఆగలేకపోయావా తాతా?" అంది చంకకర్ర అందిస్తూ.

"వచ్చింది గదే. దాన్నిండా తెల్లోళ్ళే. మన బండి వాళ్ళు ఎక్కొచ్చు. వాళ్ళ బండి మనం ఎక్కితే ఇదిగో, బురద."

న్యూ ఓర్లీన్స్‌లో అంతే. పక్కన నల్లచుక్క వేసిన బండ్లే నల్లవాళ్ళకు. అవి మూడు బండ్లకొకటి. బానిసత్వం పోయి రెండేళ్ళయినా ఆ చుక్క మాత్రం పోలేదు.

ఆదివారం పత్తి గోదాములో జనం కిక్కిరిశారు. రేవు కూలీ అషీల్, బస్తాలు లాగే ఇనుప కొక్కెం భుజాన వేసుకునే లేచాడు.

"మాటలెందుకు? రేపు బండివాడికి నాలుగు తగిలిద్దాం."

"తొందరపడకు నాయనా. మేయరుకు అర్జీ పెడదాం" అన్నాడు పాస్టరు.

"పోయినేడు పెట్టిన అర్జీ ఏమైందయ్యా? దాంట్లో పొగాకు చుట్టుకుని కాల్చుంటాడు" అన్నాడు అషీల్.

జనం నవ్వారు. జెనోబీ సభల్లో మాట్లాడి ఎరగదు. అయినా లేచింది.

"ట్రాం కంపెనీ గుమాస్తా ఇంట్లో బట్టలుతుకుతాను నేను. ఆయన పెళ్ళాంతో అంటుంటే విన్నా. తోసేస్తే కోర్టుకెక్కుతామని కంపెనీకి భయం పట్టుకుందంట. ఇకమీద మన మీద చెయ్యి వేయకూడదంట. మనం ఎక్కితే బండి ఆపేసి ఊరుకోవాలంట. విసుగొచ్చి మనమే దిగిపోతామంట." ఆమె చుట్టూ చూసింది. "పొద్దస్తమానం తొట్టి ముందు నిలబడేదాన్ని నేను. నన్ను కూర్చోబెట్టి ఓడిస్తారంట."

గోదామంతా ఘొల్లున నవ్వింది.

"ఇంకో మాట. పట్టాలు ఒకటే వరస. ముందు బండి ఆగితే వెనకది దాని మీంచి దూకిపోదు కదా."

నవ్వు ఆగిపోయింది. "అంటే నువ్వొక్కదానివి కూర్చుంటే ఊరే ఆగుతుంది" అన్నాడు అషీల్ నెమ్మదిగా.

"నేనొక్కదాన్నే ఎందుకు? నువ్వేం చేస్తుంటావు?"

సోమవారం పొద్దున్నే ఆమె చుక్కలేని బండెక్కి, టికెట్టు డబ్బు పెట్టెలో వేసి, గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బండివాడు బండి లాగే కంచరగాడిదను ఆపేశాడు.

"దిగు."

"బజారు దాకా పోవాలి."

"నువ్వు దిగందే బండి కదలదు."

"కదిలినప్పుడే పోతాలే. నాకు తొందరేం లేదు."

తెల్లవాళ్ళు గొణుక్కుంటూ దిగిపోయారు. వెనక ఇంకో బండి ఆగింది, దాని వెనక ఇంకోటి. ఆమె మెడ తిప్పి చూసింది. ప్రతి బండిలోనూ తమవాళ్ళే. బియ్యం బూరెలమ్మే ఒడీల్ కిటికీ కిటికీకీ వేడి బూరెలు అందిస్తోంది.

మధ్యాహ్నానికి తెల్లమూక చేరింది. పోలీసులు వచ్చి ఓ పక్కన నిలబడ్డారు. రాయొకటి అద్దం పగలగొట్టుకొచ్చి జెనోబీ నుదుటికి తగిలింది. రక్తం ఇస్త్రీ చొక్కాల మీద పడింది. రెండో బండిలోంచి అషీల్ కొక్కెం ఎత్తుకుని దూకాడు.

"దించు దాన్ని" అంది జెనోబీ. "నువ్వొక్క దెబ్బ వేస్తే చాలు, ఆ పోలీసులకు పని దొరుకుతుంది. వాళ్ళు నిలబడింది అందుకే."

అతను కొక్కెం రోడ్డు మీద పడేసి, వెనక్కి పోయి తన చోట కూర్చున్నాడు.

పోలీసులే ఆఖరికి ముందుకొచ్చి ఆమెను రెక్కపట్టి దింపారు. ఆమె కాలు నేల మీద పడకముందే ఒడీల్ బండెక్కి ఆమె చోట కూర్చుంది.

స్టేషన్లో రైటరు కలం ముంచాడు. "నేరం?"

పోలీసు గడ్డం గోక్కున్నాడు. "కూర్చుందండీ."

"ఎక్కడ?"

"బండిలో."

"డబ్బులివ్వలేదా?"

"ఇచ్చింది."

రైటరు కలం కాగితం మీద ఆనలేదు. అంతలో తలుపు తోసుకుని బట్టలుతికే ఆడవాళ్ళు నలభైమంది లోపలికొచ్చారు, తడి గౌన్లతోనే.

"ఆవిడ చేసిన నేరమే మేమూ చేశాం" అంది ముందున్న ముసలామె. "మా పేర్లూ రాసుకోండి."

కుర్చీలు లేవు. అందరూ నేల మీదే కూర్చున్నారు. రైటరు బల్ల గుద్ది లేవమన్నాడు.

జెనోబీ వాళ్ళ మధ్యకు నడిచి, తనూ కూర్చుంది.