డిటెక్టివ్ నవలతో కుట్టిన కోటు

పొద్దున్నే కొట్టు తీయగానే అక్క మిషను ముందు కూర్చునేది. చెల్లెలు పక్కనే ముక్కాలిపీట మీద చేరి నవల చదివి వినిపించేది. చదివిందల్లా కుట్టులోకి దిగి, ఆ బట్ట తొడుక్కున్నవాళ్ళకి పట్టేది. ఇది ఊరందరికీ తెలిసిందే. "మావాడు పెళ్ళాంతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడమ్మా, కాస్త మంచి ఘట్టం చూసి కుట్టండి" అని చొక్కా గుడ్డ ఇచ్చి పోయేవాళ్ళు. అందుకే కొట్లో అన్నీ ఒకే రచయిత్రి ప్రేమకథలు. ఎంతటి దుర్మార్గుణ్ణయినా ఆవిడ చివరి పేజీలో క్షమించేసేది.

అలాంటి ఆవిడ ఈసారి డిటెక్టివ్ నవల రాసింది. మొదటి పేజీలోనే శవం.

"ఈవిడకేం పోయేకాలమే! చక్కగా ప్రేమలు రాసుకోక" అని చెల్లెలు పుస్తకం మూసేసింది. "దీంతో ఎవరికి కుడతాం?"

అక్క మాత్రం బల్ల మీదున్న కోటు గుడ్డ ముందుకి లాక్కుంది. ముందురోజే గోదాము మేనేజరు తన సన్మానానికని కోటు గుడ్డ ఇచ్చి వెళ్ళాడు. "నన్ను చూస్తే అందరికీ ప్రేమ పుట్టుకురావాలి" అని నవ్వాడు కూడా. గోదాముకి నిప్పు పెట్టింది అతనే. నేరం మాత్రం కాపలా కాసే వీళ్ళ నాన్న మీదకి నెట్టాడు. నాన్న జైల్లోనే పోయాడు. పోయేముందు ఆయన నిజం చెప్పింది ఈ ఇద్దరికే. ఆడపిల్లలకి ఏమీ తెలియదని మేనేజరు ధీమా. అక్క కడుపులో మంట చల్లారలేదు. చల్లార్చుకోవాలని ఆమె అనుకోనూ లేదు.

"తియ్యవే పుస్తకం. అతని కోటు దీంతోనే."

"చివర్లో క్షమించేస్తేనో? ఆవిడ అలవాటే అంత. ముందు చివరి పేజీ చూసేద్దాం."

"చొక్కా అయితే సరే. కోటుకి చదవని పుస్తకమే పడుతుంది, మర్చిపోయావా?"

చేతులు, అస్తరు, కాలరు అయ్యాయి. చివరి అధ్యాయానికి బొత్తాలు మిగిలాయి. నవల్లో డిటెక్టివు హంతకుడి చేయి పట్టుకుని, 'నువ్వూ మనిషివే కదా' అన్నాడు. హంతకుడు ఏడ్చాడు.

చెల్లెలు నీరుగారిపోయింది. "అయిపోయిందే అక్కా. క్షమించేస్తోంది."

అక్క సూది ఆపలేదు. ఆపితే ఏడుపొస్తుంది. "చదువు."

చెల్లెలు పేజీ తిప్పింది. "'మనిషివి కాబట్టే నీ నోటితో నువ్వే చెప్పు' అన్నాడు డిటెక్టివు. చెప్పేదాకా చేయి వదల్లేదు."

అక్క దారం పంటితో పుటుక్కున తెంచింది.

సన్మాన సభలో మేనేజరు మైకు ముందు నిలబడి, "అందరికీ నమస్కారం" అన్నాడు. ఆ వెంటనే కిరసనాయిలు ఎక్కడ దాచిందీ, అగ్గిపుల్ల ఎలా గీసిందీ, కాపలాదారు మీద దొంగ సాక్ష్యం ఎవరిచేత చెప్పించిందీ వరసగా చెప్పుకుపోయాడు. చేత్తో నోరు మూసుకున్నా మాటలు వేళ్ళ సందుల్లోంచి వచ్చేశాయి. కోటు విప్పబోతే బొత్తాలు రాలేదు. అక్క కాలు మీద కాలేసుకుని, ఒక్క మాట పోకుండా వింది. ఇన్నాళ్ళకి ఆమె ప్రాణం హాయిగా ఉంది.

పోలీసులు అతన్ని తీసుకుపోతుంటే చెల్లెలు చెవిలో అంది, "కోటు విప్పించాక మాట మార్చేస్తాడేమోనే."

"మార్చమను చూద్దాం" అంది అక్క. "జైల్లో ఖైదీల బట్టలు కుట్టే పని నిన్ననే ఒప్పుకుని వచ్చాను."